సింగారి మింగిన సరస్వతి ఉండలు

అనగనగా ఒక పెద్ద నది. ఆ నది నడుమ ఒక లంక. లంకంటే తెలుసుగా పిల్లలూ, చుట్టూ నీళ్ళు, మధ్యలో నేల. ఆ నేల నిండా చీకటి కమ్మేంత అడవి. అందులో కుందేళ్ళు, ఏదుపందులు, అడవిపందులు, రకరకాల పిట్టలు ఎవరి గొడవలో అవి హాయిగా బతికేవి.

హాయిగా అన్నానే గానీ, ఏడాదిలో ఒక్కరోజు మాత్రం ఆ లంకలో ఎవరికీ కాలు నిలవదు. అది ఎర్రనీళ్ళు వచ్చే రోజు. ఎగువన వానలు పడగానే నది ఎర్రగా మారుతుంది. ఎర్రనీళ్ళు కనబడ్డాక పూట తిరిగేసరికి లంకంతా మునిగిపోతుంది. ఆలోపు అందరూ నది దాటి అవతలి కొండ ఎక్కాలి. ఎక్కలేదో, అంతే సంగతులు!

మరి దాటడం ఎలా? నీళ్ళ అడుగున తొమ్మిది బండలున్నాయి. పైకి కనబడవు. వాటి మీద వంకరటింకరగా ఒక దారి ఉంది. అడుగు పక్కన పడిందా, లోతైన మడుగు. ఆ దారిలో అందరినీ నడిపించే వాళ్ళని రేవు పెద్ద అంటారు. మన కథలో రేవు పెద్ద ఒక కణితి. దుప్పి కన్నా పెద్దది, గట్టి కాళ్ళది. పేరు సింగారి.

సింగారికి ఈ పని వాళ్ళ అమ్మమ్మ నేర్పింది. ఎవరూ దాటే పని లేకపోయినా సరే, రేవు పెద్ద రోజూ పొద్దున్నే నదిలోకి దిగాలి. ఒక్కో బండని గిట్టతో తాకాలి. దాని పేరు పైకి అనాలి. అవతలి గట్టు తాకి మళ్ళీ వెనక్కి రావాలి. 

"ఎద్దు మూపురం! రోలు బండ! పీట రాయి! జారుడు బండ! అత్త రాయి! కోడలి రాయి! గుమ్మడికాయ! తాబేటి వీపు! గడప రాయి!" 

ఇలా అరుచుకుంటూ సింగారి నీళ్ళలో నడుస్తుంటే లంకలో పిల్లలకి అదే మేలుకొలుపు.

ఒకరోజు పొద్దున సింగారి ఆరు బండలు దాటింది. ఏడోదాని మీద గిట్ట పెట్టింది. నోరు తెరిచింది. పేరు రాలేదు!

"ఇది... ఇది... గుండ్రంగా ఉంటుందే... అయ్యో, పేరేంటి దీనిది?"

కాసేపటికి "గుమ్మడికాయ!" అని గుర్తొచ్చింది. అయినా భయం పోలేదు. ఎందుకంటే వాళ్ళ అమ్మమ్మ చివరి రోజుల్లో ఒక్కో బండ పేరూ మరిచిపోయింది. ఆఖరికి సింగారి పేరు కూడా మరిచిపోయి, "నువ్వెవరి పిల్లవమ్మా?" అని అడిగింది. ఆ మాట సింగారి గుండెలో ముల్లులా ఉండిపోయింది.

"నాకూ అలాగే అయిపోతుందా? అయితే ఎర్రనీళ్ళ రోజున వీళ్ళందరినీ ఎవరు దాటిస్తారు?" అనుకుంటూ ఏడుపు ముఖంతో గట్టుకి వచ్చింది. 

సరిగ్గా అప్పుడే ఎదురుపడ్డాడు చిట్కాల చిన్నయ్య.

చిన్నయ్య ఒక ముంగిస. మెడలో ఆకుల సంచి, నోటినిండా మాటలు. వాడికి పసితనంలో వస కాస్త ఎక్కువే పోసినట్టున్నారు, వాగుడు ఆగదు. కానీ చెడ్డవాడు కాదు. తను చెప్పేదంతా తనే ముందు నమ్మేస్తాడు. అదే వాడితో వచ్చిన చిక్కు.

"అక్కోయ్ సింగారక్కా! ముఖం అలా వాడిపోయిందేం?" అన్నాడు చిన్నయ్య.

సింగారి జరిగింది చెప్పింది. వినగానే చిన్నయ్య కళ్ళు మెరిశాయి. నాలుగు కాళ్ళ మీదా ఎగిరి గంతేశాడు.

"ఓసింతేనా! ఇదిగో, సరస్వతి ఉండలు! సరస్వతి ఆకు నూరి, పెన్నేరు గడ్డ దంచి, ఉసిరి పొడి కలిపి, పుట్టతేనెలో నానబెట్టి ఈ చేతుల్తో చుట్టాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పొద్దుగూకాక ఒకటి. అంతే అక్కా! బుర్ర బాణంలా దూసుకుపోతుంది!"

"నిజంగా పనిచేస్తాయా తమ్ముడూ?"

"అనుమానమా? ఒకటి మింగి చూడు!"

సింగారి ఒకటి మింగింది. తియ్యగా, కొంచెం వగరుగా ఉంది. చిన్నయ్య తోక నిక్కించి, పరీక్ష పెట్టే పంతులు లాగా నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు. నిన్న ఏం తిన్నావు?"

"గడ్డి!"

"మొన్న?"

"గడ్డి!"

"అటు మొన్న?"

"గడ్డే!"

"చూశావా, చూశావా! మూడు రోజుల సంగతి తడుముకోకుండా చెప్పేశావు! ఒక్క ఉండకే ఇలా ఉంటే!"

సింగారి సంబరం ఇంతా అంతా కాదు. కణితి జన్మలో గడ్డి కాక ఇంకేం తింటుందో ఆ క్షణంలో దానికి తట్టనే లేదు. సంచిలో సగం ఉండలు అక్కడే పుచ్చుకుంది. బదులుగా కొండ అంచున తనకొక్కదానికే తెలిసిన తేనెపట్టు చోటు చిన్నయ్యకి చెప్పేసింది.

మర్నాడు పొద్దున ఉండ మింగి నదివైపు చూసింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. "బుర్రకి బలం లోపలికి పోయిందిగా. ఇక ఈ చలిలో కాళ్ళు తడుపుకోవడం ఎందుకు?" అనుకుంది. గట్టు మీదే నిలబడి తొమ్మిది పేర్లూ చదివింది. ఒక్కటీ తప్పలేదు. ఆ రోజు నుంచి నడక మానేసింది.

లంకలో ఇంకో అలవాటు ఉంది. మధ్యాహ్నం ఎండ వేళ అందరూ ఇప్పచెట్ల నీడన చేరతారు. నెమరు వేసేవి నెమరు వేస్తాయి, మిగిలినవి కబుర్లు చెబుతాయి. ఎక్కడ పళ్ళు రాలాయి, ఎక్కడ పుట్ట పగిలింది, ఎవరి పిల్ల ఎవరిని కరిచింది, అన్నీ అక్కడే తెలుస్తాయి. దాన్ని నెమరు వేళ అంటారు. సింగారి నెమరు వేళకి వెళ్ళడం కూడా మానేసింది. "వీళ్ళ సోది వింటూ కూర్చుంటే నా బుర్రలో చోటు నిండిపోతుంది" అనుకుంది.

మూడోది నిద్ర. పొద్దుగూకగానే కునుకు తీసే అలవాటు దానిది. ఇప్పుడు మూడో ఉండ మింగి, పేర్లు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి వల్లె వేస్తూ కూర్చునేది. పొద్దున లేచేసరికి కళ్ళు మండేవి. "మందు వంటబడుతున్నట్టుంది!" అని మురిసిపోయేది.

పేర్లు వచ్చాయా అంటే, భలే వచ్చాయి పిల్లలూ! ఆ మాట ఒప్పుకోవాలి. ఒకరోజు లంక పిల్లలందరినీ పోగేసి, కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకోకుండా తొమ్మిది పేర్లూ చెప్పింది. తర్వాత తలకిందులుగా చెప్పింది. కుందేలు పిల్లలు గంతులే గంతులు. ఏదుపందులు ముళ్ళు గలగలలాడించాయి. "మా రేవు పెద్దంటే ఏమనుకున్నారు!" అని అందరూ పొంగిపోయారు. చిన్నయ్య అయితే, "అవి నా ఉండలే! నా ఉండలే!" అని చెట్టు చెట్టుకీ పరిగెత్తి చెప్పాడు.

అలా ఇరవై రోజులు గడిచాయి. ఇరవై ఒకటో రోజు తెల్లారింది.

"ఎర్రనీళ్ళు! ఎర్రనీళ్ళు వచ్చేశాయి!"

లకుముకి పిట్ట అరుస్తూ లంక చుట్టూ తిరిగింది. అంతే! అడవంతా ఒక్కసారి లేచింది. తల్లులు పిల్లల్ని నోట కరుచుకున్నాయి. పొదల్లోంచి, బొరియల్లోంచి, తొర్రల్లోంచి అందరూ రేవు దగ్గరికి పరుగో పరుగు. నది ఎర్రగా, చిక్కగా, నురగలు కక్కుతూ వస్తోంది.

సింగారి ముందు నిలబడింది. భయం వెయ్యలేదు సరికదా, ఒళ్ళంతా ఉత్సాహం! ఈ రోజు కోసమేగా ఇన్ని ఉండలు మింగింది! చిన్నయ్య ఎగిరి దాని మెడ మీద కూర్చున్నాడు. వెనక బుస్సమ్మ నిలబడింది. బుస్సమ్మంటే అడవిపంది. పెద్ద గొంతు, మెత్తని మనసు. దాని ఐదుగురు పిల్లలూ దాని ముందు బారుగా నిలబడ్డారు. బారులో అందరికన్నా ముందు, సరిగ్గా సింగారి తోక దగ్గర, అందరికన్నా చిన్నది చిట్టిముక్కు. ముందువాళ్ళు అడుగు వేసిన చోటే వెనకవాళ్ళు వెయ్యాలి. ఆ దారిలో అదొక్కటే నియమం.

బుస్సమ్మ అడిగింది. "వదినా, ఈ మధ్య పొద్దున నీ అరుపు వినబడటం లేదు. దారి ఒకసారి దిగి చూశావుగా?"

సింగారి ఆగింది. నిజం చెప్పొచ్చు. 'లేదు వదినా, ఇరవై రోజులైంది' అనొచ్చు. కానీ అందరూ చూస్తున్నారు. మొన్ననే తలకిందులుగా చెప్పి మెప్పు పొందిందాయె. సిగ్గు అడ్డొచ్చింది.

"చూడ్డం ఎందుకు వదినా? తొమ్మిదీ నా నాలుక మీదే ఉన్నాయి. పదండి!" అంది.

నీళ్ళలోకి దిగింది.

"ఎద్దు మూపురం!" గిట్ట గట్టిగా ఆనింది. 

"రోలు బండ!" అదీ ఆనింది. 

"పీట రాయి!" ఆహా, ఉంది! 

చిన్నయ్య మెడ మీద ఈల వేశాడు. సింగారి ఛాతీ పొంగింది. గొంతు పెంచి, "జారుడు బండ!" అంటూ అడుగు వేసింది.

అక్కడ బండ లేదు.

ఒట్టి నీళ్ళు! సింగారి మెడ దాకా మునిగిపోయింది. దాని వెనకే చిట్టిముక్కు, నియమం తప్పని బుజ్జికూన, సరిగ్గా సింగారి వేసిన చోటే అడుగు వేసింది. బుడుంగున మునిగింది. రెండు క్షణాల్లో ఆ చిన్న ముక్కు ఎర్రనీళ్ళలో అల్లంత దూరాన తేలింది.

"నా బిడ్డో!" అని బుస్సమ్మ పెట్టిన కేకకి నది కూడా ఉలిక్కిపడి ఉంటుంది.

"అక్కా! ఇంకో ఉండ! ఇంకో ఉండ మింగక్కా!" అని చిన్నయ్య సంచిలో చెయ్యి పెట్టి కెలికాడు.

"నోరు మూసుకుని గట్టిగా పట్టుకో!" అని సింగారి ఒక్క దూకు దూకింది.

కణితి ఈతకి తిరుగులేదు పిల్లలూ. నాలుగు కాళ్ళతో నీళ్ళని చీల్చుకుంటూ పోయింది. సుడి తిప్పింది. దాటింది. పెద్ద దుంగ ఒకటి మీదికొచ్చింది. తప్పుకుంది. "ఏదీ? ఏదీ?" అని కళ్ళు పొడుచుకుని చూసింది. అదిగో, అక్కడ! బుజ్జి చెవి ఒకటి పైకి తేలింది! మెడ చాచి ఆ చెవిని పళ్ళతో ఒడిసిపట్టింది. చిట్టిముక్కు "కీయ్!" అని అరిచింది. ఆ అరుపు విన్నాక సింగారికి ప్రాణం లేచొచ్చింది. అరవడమంటే బతికున్నట్టేగా!

ఎదురీది, ఒగర్చుకుంటూ పీట రాయి మీదికి వచ్చింది. పిల్లని తల్లి దగ్గర దించింది. అప్పటికే మూడు బండల మీద కిక్కిరిసి నిలబడ్డ వాళ్ళందరి పొట్టలకీ నీళ్ళు తగులుతున్నాయి. వెనక్కి వెళ్దామంటే లంక అంచు మునిగిపోయింది. ముందుకి దారి లేదు. అందరి కళ్ళూ సింగారి మీదే ఉన్నాయి.

సింగారి ఈసారి సిగ్గు పడలేదు. గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పింది.

"నాకు తెలీదు! పేర్లన్నీ గుర్తున్నాయి, దారి తెలీదు. ఇరవై రోజులుగా నేను ఈ నీళ్ళలో కాలు పెట్టలేదు. బుస్సమ్మ వదిన అడిగితే గొప్పకి పోయి నిజం దాచాను. తప్పు నాదే. మీలో ఎవరికి ఏం తెలిస్తే అది చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పండి!"

బుస్సమ్మ కళ్ళు నిప్పులయ్యాయి. "తెలీదా? పదిహేను రోజుల కిందట గాలివాన పడలేదూ? ఆ రోజు తుంగగడ్డలు తవ్వుతూ నేను కళ్ళారా చూశాను. జారుడు బండ నీళ్ళ పైకి లేచి, ఒక్క దొర్లు దొర్లి దిగువకి పోయింది! మర్నాడే నెమరు వేళ అందరికీ చెప్పానుగా, నీకూ తెలుసనుకున్నాను!"

"నేను రాలేదు వదినా" అంది సింగారి.

బుస్సమ్మ ఇంకా ఏదో అనబోయింది. నీళ్ళు చూసింది. పిల్లల్ని చూసింది. కోపం మింగేసింది. "దిగువకి, నీ రెండు అంగలంత దూరం. కుడివైపు. పద!" అంది.

సింగారి కుడివైపు గిట్ట చాచి తడిమింది. తగిలింది! అందరూ ఒక్కసారిగా "హో!" అని అరిచారు.

జారుడు బండ, అత్త రాయి, కోడలి రాయి దాటారు. పైనుంచి లకుముకి పిట్ట కూసింది. "ఆగు ఆగు! గుమ్మడికాయ ముందు పెద్ద గొయ్యి పడింది! రోజూ అక్కడే నేను చేపలు పడుతున్నాను. ఎడమ నుంచి చుట్టి రా!" సింగారి ఎడమ నుంచి చుట్టింది. గుమ్మడికాయ తగిలింది. మళ్ళీ "హో!"

తాబేటి వీపు కూడా దాటారు. ఇక మిగిలింది గడప రాయి ఒక్కటే. దాని సంగతి పిట్టకీ తెలీదు, పందికీ తెలీదు. నీళ్ళు కుందేళ్ళ గడ్డాలు తాకుతున్నాయి. సింగారి కళ్ళు మూసుకోలేదు, పేరు వల్లె వెయ్యలేదు. గిట్టతో నెమ్మదిగా ముందుకి తడిమింది. బురద. పక్కకి తడిమింది. బురదే. ఇంకొంచెం ఇవతలికి తడిమింది. టక్! రాయి!

"గడప రాయి ఉంది! రండి, రండి, రండి!"

అంతే! కుందేళ్ళు దూకాయి, ఏదుపందులు గలగలా పరిగెత్తాయి, పంది పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతూ గట్టెక్కాయి. ఆఖరి ఏదుపంది కొండ మీద కాలు పెట్టేసరికి వెనక లంకలో ఇప్పచెట్ల కొమ్మలు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కేకలేంటి, ఆ కౌగిలింతలేంటి! ఏదుపందిని కౌగిలించుకున్న కుందేలు మాత్రం కాస్త ఏడ్చింది లెండి.

చిన్నయ్య మెల్లగా సింగారి మెడ మీంచి దిగాడు. సంచి నిండా నీళ్ళు. ఉండలన్నీ కరిగి పచ్చటి ముద్దయ్యాయి. తల దించుకుని, "అక్కా, నా మందు మోసం చేసిందా?" అని అడిగాడు.

"లేదు తమ్ముడూ. నీ ఉండల వల్ల పేర్లు గుర్తున్నాయో, నా వల్లింపు వల్లే గుర్తున్నాయో నాకు తెలీదు. కానీ బండ దొర్లిన సంగతి నేను చూళ్ళేదు, వినలేదు. చూడనిదాన్ని ఏ ఆకు గుర్తుచేస్తుంది చెప్పు?" అంది సింగారి.

చిన్నయ్య జన్మలో మొదటిసారి మాట్లాడకుండా కూర్చున్నాడు. తర్వాత కూడా ఉండలు చెయ్యడం మానలేదు. కానీ ఎవరికిచ్చినా, "ఇది మింగితే నడక మానొచ్చు, నిద్ర మానొచ్చు అనుకునేవాళ్ళకి ఇవ్వను" అని ముందే చెప్పేవాడు. సరస్వతి ఆకు ఏటి ఒడ్డున ఎలాగూ మొలుస్తుంది. సింగారికి కనబడితే గడ్డితో పాటు నాలుగు ఆకులు కొరికేది, రుచికి.

సింగారి మళ్ళీ పొద్దుగూకగానే పడుకుంది. మధ్యాహ్నం అందరి మధ్యా కూర్చుంది. ముందుగా బుస్సమ్మ పక్కన చోటు అడిగి మరీ కూర్చుంది. బుస్సమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు జరిగి చోటిచ్చింది.

నీళ్ళు తీశాక అందరూ లంకకి తిరిగొచ్చారు. ఆ ఏడాది నుంచి అక్కడ ఒక కొత్త పద్ధతి మొదలైంది. రేవు పెద్దని ఎవరూ బండల పేర్లు చెప్పమని అడగరు. పొద్దున ఎదురుపడగానే ముందు కాళ్ళు చూస్తారు. తడిగా ఉంటే, "చల్లగా ఉండు తల్లీ" అని దారి ఇస్తారు. పొడిగా ఉంటే ఒక్క మాట కూడా అనరు. పక్కకి జరిగి, నదివైపు మూతి చూపిస్తారు.

నీతి: మూలిక తోడు రావచ్చేమో గానీ, మన బదులు నడవదు, మన బదులు నిద్రపోదు, మన బదులు నలుగురి మాటా వినదు. బుర్రకి పదును రోజూ మనం చేసే పనితోనే.